మునులమిట్ట దేవుడు

రంగూన్ నుంచి మా అన్న వస్తాడని ఎదురుచూస్తుంటే మా వదిన వచ్చింది. మాకొక వదిన ఉన్నదన్న సంగతి అంతవరకూ ఇంట్లో ఎవరికీ తెలియదు.

నలభై రెండో సంవత్సరం, మా వైపు తమిళ లెక్కన ఆని నెల. పుత్తూరు స్టేషన్‌లో దిగి, మట్టిరోడ్డు వెంట మా పల్లె దాకా నడిచి, దేవరాజులు అనే చిత్తూరు మనిషి ఆమెను మా వాకిట్లోకి తీసుకొచ్చాడు. అతను మా అన్న గోవిందుతోపాటు రంగూన్‌లో ఒకే బియ్యం మిల్లులో పనిచేసినవాడు. జపాను విమానాలు బాంబులు వేసినప్పుడు వేలమందితో కలిసి ముగ్గురూ ఊరు వదిలారట. కొండలు, అడవులు నడిచి దాటారట. తర్వాత ఓడ, ఆ తర్వాత రైళ్ళు. మా అమ్మ నాగులమ్మ గడపలో నిలబడి అంతా వింటోంది గానీ, ఆమె చూపు దేవరాజులు వెనక ఉన్న దారి మీదే ఉంది. అతను చెప్పడం ఆపాక ఒకే మాట అడిగింది.

"నా కొడుకు యాడ?"

దేవరాజులు అమ్మ మొహం చూశాడు. చెప్పబోయిన మాటేదో మింగేసి, అన్నకు దారిలో జ్వరం తగిలిందనీ, చిటగాంగ్ ఆస్పత్రిలో చేర్చారనీ, నయమయ్యాక వస్తాడనీ చెప్పాడు. పక్కన నిలబడ్డ ఆమె చటుక్కున అతని వైపు చూసి, మళ్ళీ నేల చూపులు చూసింది. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, అతను ఆ సాయంత్రం రైలుకే వెళ్ళిపోయాడు. మళ్ళీ మేము అతన్ని చూడలేదు.

వాకిట్లో మిగిలిన ఆమెను ఏం చేయాలో అమ్మకు తెలియలేదు. పొమ్మనలేదు, రమ్మనలేదు. మా నాయనే చివరికి, మన పిల్లోని మనిషి, ఎండలో నిలబెడితే ఎట్లా అని లోపలికి పిలిచాడు.

ఆమె పేరు మా నూ. బర్మావాళ్ళు ఆడవాళ్ళ పేరుకు ముందు 'మా' అంటారట. మా ఊళ్ళో అందరికీ అది 'మాను' అని వినిపించింది. చెట్టుకు పెట్టే పేరు మనిషికి పెట్టుకున్నారేమని నవ్వుకున్నారు. ఆమెకూ ఆ నవ్వు అర్థమైంది. ఆ మాట మా అన్న ఎప్పుడో చెప్పి ఏడిపించాడట.

నాకప్పుడు పదహారేళ్ళు. నా పెళ్ళి మాటలు ముగిసినా, అన్న వచ్చి నిలబడితేనే పందిరి వేస్తానని అమ్మ పట్టుబట్టడంతో ఇంట్లోనే ఉన్నాను. నాకు వదినను చూడటమే పని అయింది. ఆమె జుట్టు నడినెత్తిన చుట్టి దువ్వెన గుచ్చుకునేది. దొరికిన పువ్వేదైనా పక్కన పెట్టుకునేది. మా చేను గట్టు మీద వెలగచెట్టు చూసి ఎంతో సంబరపడి, దాని బెరడు తెచ్చి సానరాయి మీద అరగదీసి, మేము పసుపు పూసుకున్నట్టు చెంపలకు పూసుకునేది. భోజనమయ్యాక పెరట్లో కూర్చుని చుట్ట కాల్చేది. మా నాయన కూడా చుట్ట కాలుస్తాడు గనక ఆయన ఏమీ అనలేక మొహం పక్కకు తిప్పుకునేవాడు.

అన్నిటికంటే వింత ఆమె తెలుగు. అది అచ్చం మా అన్న తెలుగు. పదేళ్ళ కిందట ఇల్లు వదిలినప్పుడు మా అన్న ఎట్లా మాట్లాడేవాడో అట్లాగే మాట్లాడేది. పనిలో విసుగొస్తే "ఇదేందబ్బా" అని అన్న సాగదీసేవాడు. ఆమె నోట అదే మాట, అదే సాగదీత. అది విన్నప్పుడల్లా అమ్మ చేతిలో పని ఆగిపోయేది. అయినా తల తిప్పి చూసేది కాదు. ఆమెకు అన్నం పెట్టేది, చీర ఇచ్చింది, కానీ ఒక్క ప్రశ్న అడిగేది కాదు.

అడిగేదంతా నేనే. సముద్రం ఏ రంగులో ఉంటుంది, ఓడలో వంట ఎవరు చేస్తారు, రంగూన్‌లో మనవాళ్ళు పండగలు చేస్తారా, అన్న బర్మా భాష మాట్లాడితే ఎట్లా ఉంటుంది. ఆమె ఓపిగ్గా చెప్పేది. కొండల్లో నడిచి వచ్చిన సంగతి అడిగితే మాత్రం "నడిచినాము, శానా దూరం" అని ఊరుకునేది.

ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న మా మునులమిట్ట దేవుడు మునెయ్య గురించి. బావి దగ్గర నీళ్ళు తోడుతూ ఉంటే, మీ మునెయ్య యాడ ఉండాడు అంది. నేను ఆశ్చర్యపోయాను. అప్పుడు చెప్పింది. రంగూన్‌లో కొండంత బంగారు గుడి ఉందట. పున్నమికి ఆమె అక్కడికి పోయేది, అన్నా వెంట వెళ్ళేవాడు. లోపల కాళ్ళు మడుచుకుని, కళ్ళు వాల్చి కూర్చున్న బుద్ధదేవుణ్ణి చూసి, మా మునెయ్యకు మీసం తీసేస్తే ఈయనే అని మొదటిరోజే నవ్వాడట. తర్వాత తర్వాత నవ్వకుండానే అనేవాడట. ఆ మునెయ్యను ఒకసారి చూడాలి, నన్ను తీసుకుపో తాయీ అంది.

మునులమిట్ట మాకు పెద్ద దూరం కాదు. మద్రాసు వైపు నుంచి తిరుపతికి నడిచిపోయే యాత్రికుల బాట మీదే ఉంది. అదొక మట్టిదిబ్బ. బోర్లించిన కుండలా ఉంటుంది. పక్కనే రాతి కప్పు వేసిన చిన్న గుడి. అన్నకు పుట్టువెంట్రుకలు తీసింది అక్కడే. నాకు తెలిసిన మునెయ్యకు మొహమంతా పసుపూ కుంకుమా, పెద్ద వెండి కళ్ళు, మెలితిరిగిన మీసం, ఒళ్ళో కత్తి. కోళ్ళూ పొట్టేళ్ళూ అడిగే దేవుడు. ఆ బంగారు గుడిలో కళ్ళు వాల్చిన ఆయనకూ ఈయనకూ ఏం పోలికో నాకు అర్థం కాలేదు. ఆ పొట్టేళ్ళ సంగతి అన్న ఆమెకు చెప్పి ఉండడు. నేనూ చెప్పలేదు.

వదిన మునెయ్యను చూడాలంటోందని అమ్మతో అన్నాను. అమ్మ చేస్తున్న పని వదిలి లేచింది. అన్ని ఆపదల మధ్య కొడుకు మునెయ్యను తలుచుకున్నాడంటే ఆయనకు మొక్కుకొని ఉంటాడు. పెళ్ళాంతో ఆ మొక్కు చెప్పి పంపాడు. అది తీరలేదు గనకే రావడం ఆలస్యమవుతోంది. అమ్మకు అంతా ఒక్క క్షణంలో తేటపడింది. మందలో కొమ్ములు తిరిగిన నల్ల పొట్టేలును ఆ రోజే వేరుగా కట్టించింది. వదినను పిలిచి మొక్కు నిజమా అని అడిగితే సరిపోయేది. అది మాత్రం అడగలేదు.

నాయన పుత్తూరులో చదువుకున్నవాళ్ళ చేత ఆ ఆస్పత్రికి రెండుసార్లు ఉత్తరం రాయించాడు. జవాబు లేదు. యుద్ధం రోజులు, ఎవరికీ జవాబులు రావడం లేదని అందరూ అన్నారు. ఆడి పోయింది. ఆవణిలో వానలు పడి వేరుశెనగ చేలు పచ్చగా లేచాయి. పెరటాసి ఉత్సవాలకు ముందే కొండకు చేరాలని తమిళదేశపు యాత్రికులు పసుపు బట్టలు కట్టి, గుంపులు గుంపులుగా మా బాటన పోవడం మొదలైంది. వాళ్ళు "గోవిందా" అని ఎలుగెత్తినప్పుడల్లా అమ్మ తల ఎత్తేది. దేవుడి పేరేనని తెలుసు. అయినా తల ఎత్తేది.

పెరటాసి పుడితే మా వైపు మాంసం ముట్టరు. అందుకని ఆవణి చివరి ఆదివారం ముహూర్తం పెట్టుకున్నారు. ఇంటి దగ్గర మనిషి ఉండాలి గదా అని అమ్మ గొణిగింది గానీ, చూడాలన్నదే ఆ పిల్ల, ఆమెను వదిలిపెట్టి పోతే ఎట్లా అని నాయన వదినను కూడా బయల్దేరదీశాడు. నాయన పొట్టేలును పట్టుకుని ముందు నడిచాడు. అమ్మ పూజ సామాను గంప ఎత్తుకుంది. వదిన తెల్లవారకముందే తలంటుకుని వచ్చింది. దారి పొడుగునా నాకంటే ముందు నడుస్తూ, ఇంకెంత దూరం అని అడుగుతూనే ఉంది. పొట్టేలు ఎందుకని అడగలేదు. అమ్మేందుకు తోలుకుపోతున్నారని అనుకుందట.

మిట్ట దగ్గరికి రాగానే ఆమె నడక మారింది. గుడిలోకి వెళ్ళకుండా దిబ్బ చుట్టూ నడవడం మొదలుపెట్టింది. కుడిచేయి దిబ్బ వైపు ఉండేట్టు, మెల్లగా. దిబ్బలో అక్కడక్కడా ఇటుకలు బయటపడి ఉన్నాయి. ఒక్కొక్కటి మా ఇంటి గోడల ఇటుకలకు రెండింతలు. ఊరివాళ్ళు ఎన్నో తరాలుగా వాటిని తవ్వుకుపోయి బావులకు ఒరలు కట్టుకున్నారు. ఒకచోట సగం పూడిపోయిన రాతిపలక మీద చక్రం చెక్కి ఉంది. మేము దాన్ని విష్ణుచక్రం అనుకునేవాళ్ళం, యాత్రికులూ దాని ముందు సాగిలపడి కొండ వైపు పోయేవాళ్ళు. వదిన కూర్చుని ఆ చక్రం ఆకులను వేలితో తడిమింది. "ఇది మా ఊళ్ళో కూడా ఉండాది తాయీ" అంది.

చాలా ఏళ్ళకు మద్రాసు నుంచి ఒక ఆఫీసరు వచ్చి చూసి, అది వెయ్యేళ్ళకు పైబడిన బౌద్ధుల గుడి అనీ, కంచి నుంచి ఉత్తరానికి పోయే భిక్షువులు ఈ బాటనే వచ్చి ఇక్కడ విడిది చేసేవాళ్ళనీ చెప్పాడు. కానీ ఆ రోజు మాకు ఎవరూ చెప్పలేదు. మా వదిన ఒక్కతే చూసుకుంటూ పోయింది. నేను ఆమె వెనకాలే తిరిగాను. పుట్టినప్పటి నుంచీ చూసిన దిబ్బను మొదటిసారి చూస్తున్నట్టు అనిపించింది.

బలికి ముందు దేవుడికి స్నానం చేయిస్తారు. మేము గుడిలోకి వెళ్ళేసరికి పూజారి వెండి కళ్ళు ఊడదీసి తట్టలో పెట్టాడు. ఒళ్ళో కత్తి తీసి గోడకు ఆనించాడు. బిందెతో నీళ్ళు పోసి, చింతపండుతో రుద్ది, మళ్ళీ నీళ్ళు పోశాడు. పసుపూ నూనే కరిగి కిందికి జారాయి. బొగ్గుతో దిద్దిన మీసం వాటితోపాటే పోయింది. లోపలి నుంచి ఒక కొత్త మొహం బయటికి వచ్చింది. పొడుగాటి చెవులు, నత్తగుల్లల్లాంటి జుట్టు, ఒక భుజం మీదుగా సన్నని మడతల బట్ట. కళ్ళు సగం మూసి ఉన్నాయి. పెదవుల దగ్గర చిన్న నవ్వు. మూసుకున్న ఆ కళ్ళ మీద మేము ఇన్నేళ్ళుగా తెరిచిన కళ్ళు అతికించి చూశాం.

నేను వదిన వైపు తిరిగాను. ఆమె అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుంది. పాదాలు దేవుడి వైపు కనబడకుండా వెనక్కి మడుచుకుని, చేతులు జోడించి, నుదురు నేలకు ఆనించి మూడుసార్లు మొక్కింది. పూజారి అట్లాంటి మొక్కు ఎన్నడూ చూడలేదేమో, బిందె పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

బయట నాయన పొట్టేలును గుడి ఎదుటికి తెచ్చాడు. దాని మెడలో వేపమండ కట్టారు. పూజారి వచ్చి దాని వీపు మీద పసుపునీళ్ళు చల్లాడు. పొట్టేలు ఒళ్ళు విదిలిస్తే దేవుడు సరేనన్నట్టు. అప్పటిదాకా కోయరు. అందరం దాని వైపే చూస్తున్నాం. అమ్మ రెండు చేతులూ జోడించి, కొడుకు పేరు చెప్పి, వాణ్ణి నా కండ్ల ముందర నిలబెట్టు స్వామీ అని మొక్కుతోంది.

అప్పుడు గుడిలోంచి వదిన గొంతు వినిపించింది. ఏదో చదువుతోంది. మా భాష కాదు. నేను తొంగి చూశాను. దేవుడి ముందు మా పూజచెంబు పట్టుకుని కూర్చుంది. చెంబు కొద్దిగా వంచి నీళ్ళు నేల మీదికి వదులుతోంది. ధారగా కాదు, చుక్క తర్వాత చుక్క. కళ్ళు మూసుకుని ఉంది. చెంపల మీద పూసుకున్న బెరడు గంధం కన్నీళ్ళకు చారలు కట్టింది. చదవడం ముగించి "సాదు, సాదు, సాదు" అంది. ఆ ఒక్క మాట మాకూ తెలుసు.

నా పక్కన అలికిడైతే చూశాను. అమ్మ వచ్చి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. దేవుడి ముందు కూర్చుని నేలకు నీళ్ళు వదలడమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా నాయన తన తల్లిదండ్రులకు వదలడం ఆమె ఏటేటా చూస్తూనే ఉంది.

"నీళ్ళు ఎవురికమ్మా?" అంది.

వదిన కళ్ళు తెరిచింది. మా ఇంట్లోకి వచ్చి ఇన్ని నెలలైనా అమ్మ ఆమెను 'అమ్మా' అని పిలవడం అదే మొదలు.

"మీ కొడుక్కి, అత్తా" అంది.

అమ్మ గుడి స్తంభం పట్టుకుంది. ఏడవలేదు. యాడ, అంది. కొండల్లో, అంది వదిన. వాంతిభేది పట్టుకుందనీ, రెండు రోజులు తను మోసీ, నడిపించీ తీసుకొచ్చాననీ చెప్పింది. దారిపక్కన ఒక చెట్టు కింద తల ఆమె ఒళ్ళో పెట్టుకున్నాడు. మా ఊరికి పో, ఆడ మునెయ్య ఉండాడు, నీ పద్ధతిలో నాకు ఏం చేయాలో ఆయన ముందర చెయ్యి అన్నాడు. దేవరాజులు మా వాకిట్లో అమ్మ మొహం చూసి చెప్పలేకపోయాడు. అతను ఆ మాట అనేశాక, కాదని చెప్పడానికి వదినకు నోరు రాలేదు.

బయట పొట్టేలు ఒళ్ళు విదిలించింది. మెడలో వేపాకులు గలగలమన్నాయి. దేవుడు ఒప్పుకున్నాడని పూజారి కేకేసి కత్తి కోసం లోపలికి వచ్చాడు. అమ్మ అతనికి దారి ఇవ్వలేదు.

"ఎవురి కోసరం కోస్తావప్పా? వదిలేయ్."

దేవుడు సెలవిచ్చిన పొట్టేలును వెనక్కి తోలుకుపోతే కీడని పూజారి అన్నాడు. నాయనకు ఇంకా ఏమీ తెలియదు. అమ్మ బయటికి వెళ్ళి, ఆయన చేతిలోంచి తాడు తీసుకుని, తనే ముడి విప్పింది. విప్పుతూ విప్పుతూ ఆయనకు మెల్లగా ఏదో చెప్పింది. నాయన అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు యాత్రికుల గుంపు ఎదురైంది. గోవిందా అన్నారు. అమ్మ తల ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక చేయవలసినవన్నీ చేశారు. పదోరోజున మా పెద్దమ్మలూ చిన్నమ్మలూ వచ్చి వదిన చుట్టూ చేరారు. తలలో పువ్వు తీయాలనీ, గాజులు తీయాలనీ, కట్టుబాటు కట్టుబాటేననీ అన్నారు. వదిన ఏం జరుగుతోందో తెలియక నా వైపు చూసింది. అమ్మ అంతవరకూ ఒక మూల కూర్చుని ఉంది. లేచి వచ్చి వాళ్ళ మధ్య నిలబడింది. నా కొడుకును ఈ పిల్ల ఒక్కతే సాగనంపింది, చేసేదంతా చేసేసింది, ఇంగ మనం చేసేది ఏమీ లేదు, పువ్వు అట్లే ఉండనీండి అంది. ఒకళ్ళిద్దరు భోజనం చేయకుండానే వెళ్ళిపోయారు. అమ్మ ఆపలేదు.

మర్నాడు పొద్దున వదిన పెరట్లో బెరడు అరగదీస్తోంది. అమ్మ చేటలో రాగులు చెరుగుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆడ వాడు సంగటి తినేటోడా?"

వదిన చేయి ఆగింది. ఆ దేశంలో రాగులు లేవనీ, అన్నమే ముద్దగా ఉడికించి, గెలికి, ఉండ చేసి, ఇదే మా పుత్తూరు సంగటి అని తోటివాళ్ళందరికీ పెట్టేవాడనీ చెప్పింది. ఎవరికీ రుచించేది కాదట. అయినా పెట్టేవాడట. అమ్మ నవ్వింది. నవ్వుతూనే చేట పక్కన పెట్టి కొంగుతో మొహం కప్పుకుంది.

ఆ తర్వాత ఇక ఆగలేదు. వాడు చిక్కినాడా, ఒళ్ళు చేసినాడా. మిల్లులో ఏం పని. కోపమొస్తే ఏం చేసేవాడు. మీరు ఎట్లా కలిశారు. పదేళ్ళుగా చూడని కొడుకును అమ్మ ఆమె నోటి నుంచి కొద్దికొద్దిగా తెచ్చుకుంది. అంతకు ముందు ప్రశ్నలన్నీ నావి. ఇప్పుడు నాకు అడిగే సందే దొరికేది కాదు. అన్న దొంగచాటుగా బర్మా చేపల పచ్చడి తినేవాడని విన్నరోజు అమ్మ ఎంతసేపు ఆశ్చర్యపోయిందో.

కొడుకు సంగతులు అయిపోయాక ఒకరోజు అడిగింది, నీకు అమ్మ ఉండాదా అని. ఉంది, పెగూ దగ్గర పల్లెలో. నేను బతికుండానో లేదో ఆయమ్మకు తెలీదు, అంది వదిన. అమ్మ ఆమె మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆ రోజు మరే ప్రశ్నా అడగలేదు.

పెరటాసి పోయాక నా పెళ్ళి జరిగింది. పందిట్లో పనులన్నీ వదినే చూసింది. పున్నమి పున్నమికీ ఆమె మునులమిట్టకు వెళ్ళేది. కొన్నిసార్లు అమ్మా వెంట వెళ్ళేదట.

యుద్ధం అయిపోయి, బర్మాకు మళ్ళీ ఓడలు నడుస్తున్నాయని తెలిసినప్పుడు, నాయనను మద్రాసు పంపి కనుక్కు రమ్మన్నది అమ్మే. నేను ఆ సమయానికి పుట్టింట్లో ఉన్నాను. వదిన వెళ్ళనంది. ఈడనే ఉంటాను అత్తా, మీకు నేను కొడుకు బదులు అంది.

"నాకు నువ్వొచ్చి చెప్పినావు" అంది అమ్మ. "ఆయమ్మకు ఎవురు చెప్తారు? నువ్వు పొయ్యి ముందర నిలబడు. ఏమీ చెప్పే పన్లేదు."

పుత్తూరు స్టేషన్‌లో రైలెక్కించాం. నాయన ఓడ దాకా తోడు వెళ్ళాడు. వదిన కిటికీలోంచి చేతులు చాపితే అమ్మ పట్టుకుని, రైలు కదిలే దాకా వదల్లేదు.

ఇంటికి నడిచి వస్తూ అమ్మ నన్ను అడిగింది, రేపటికి ఓడెక్కుతాది గదా, ఓడ దిగినాక పెగూకు మళ్ళా రైలుంటాదా, అన్నీ కలిపితే ఆయమ్మ ఇంగ ఎన్ని దినాలు దోవ చూడాల అని. నాకు తెలియదన్నాను. అమ్మ దానికి ఒప్పుకోలేదు. దారిలో ఎదురైన ప్రతివాణ్ణీ ఆపి, ఓడ ఎంత జోరుగా పోతుందని అడుగుతూ నడిచింది.